మైము కంప్యూటరుకు కాపలా

ఎస్తోనియా పడమటి సముద్రంలోని ఒక చిన్న దీవిలో ఉంటున్న మైము వాహెర్ వయసు డెబ్బై మూడు. అందులో ముప్పై ఒక్క ఏళ్ళు పిట్టల కాళ్ళకు కడియాలు తొడగడంలోనే గడిచాయి. వలలో చిక్కిన పిట్టను గుప్పిట్లోకి తీసుకోవడం, అంకె చెక్కిన బుల్లి కడియం కాలికి తొడగడం, తూచడం, గాలిలోకి వదిలేయడం. ఏ అంకె పిట్ట ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో మొత్తం ఒకే ఒక్క కంప్యూటరులో ఉంది. ఇంకెక్కడా లేదు.

అక్టోబరులో ఒక పొద్దున ఆ తెర మీద ఎర్రగడి లేచింది. "మీ యాంటీవైరస్ గడువు తీరింది. మీకు రక్షణ లేదు." కంప్యూటరు కొన్నప్పుడు ఉచితంగా తోడొచ్చిన సరుకది. ఇప్పుడు డబ్బు కట్టమంటోంది. మైము గ్రంథాలయానికి కబురు పంపింది.

టపా పడవ నడిపే ఎండెల్ అప్పటికే వంటింట్లో కాఫీ తాగుతున్నాడు.

"తాళాలు అమ్మేవాడే కిటికీ మీద రాళ్ళు వేస్తున్నట్టుంది. కంప్యూటరుకు ఒక చీపురు ఆనించు మైమూ, సరిపోతుంది!"

"నీకు నవ్వులాటగా ఉంది. పోతే పోయేది నీ పడవ కాదుగా."

ఆ దీవిలో ఇంట్లో ఎవరూ లేకపోతే తలుపుకు చీపురు ఆనించి వెళతారు. ఏడు ప్రాకారాలూ మొసళ్ళ కందకాలూ ఉన్న కోటలెన్నో లోపలివాడెవడో గడియ తీస్తే కూలిపోయాయని చదువుతాం. ఈ చీపురు మాత్రం తరతరాలుగా ఓడిపోలేదు. దాని బలం పుల్లల్లో లేదు, దాన్ని చూసి వెనుదిరిగే మనిషి కళ్ళలో ఉంది. కంప్యూటరు గుమ్మానికి వచ్చేవాళ్ళకు చీపురు సంగతి తెలియదు. మైము భయమల్లా అదే.

కబురందగానే గ్రంథాలయం చూసుకునే క్యుల్లి సైకిలు మీద వచ్చింది.

"కొనాలా, వద్దా? సూటిగా చెప్పవే."

"ఆగు మైమక్కా. నీ కంప్యూటరులో పుట్టుకతోనే ఒక కాపలావాడున్నాడు. ఒకే వాకిట్లో రెండు కుక్కలు కరుచుకుంటాయని, ఈ అరువుకుక్క ఉన్నన్నాళ్ళూ వాడు పక్కకు తప్పుకున్నాడు. దీన్ని తీసేస్తే లేస్తాడు."

తీసేసింది. కాపలావాడు లేచాడు కానీ, వాడి చేతిలో ఉన్నది వేసవినాటి దొంగల జాబితా.

"అప్‌డేట్ అని అడిగినప్పుడల్లా 'రేపు' నొక్కావా?"

"వలసకాలంలో కంప్యూటరు ఆపమంటే ఎట్లా? పిట్టలు ఆగుతాయా?"

"పిట్టలూ ఆగవు, దొంగలూ ఆగరు."

"వలసకాలంలో ఈమె తన పంటినొప్పిని కూడా రేపు రమ్మంటుంది," అన్నాడు ఎండెల్.

అప్‌డేట్ అయింది. వెతుకులాట మొదలైంది. తెర మీద అంకెలు పరుగెత్తాయి. వేలు, లక్షలు.

"ఏం చూస్తున్నాడు వీడు?" మైము గొంతు తగ్గింది.

"ఒక్కో ఫైలుకూ లోపలి రాతను బట్టి ఒక అంకె తేలుతుంది. ఒక్క అక్షరం మారినా అంకె మారిపోతుంది. చెడ్డవాటి అంకెలు వాడికి రోజూ అందుతుంటాయి. పోల్చుకుంటాడు."

"అంటే, కడియం!"

"కడియమే."

"మరి కడియం లేని కొత్తది వస్తే?"

"పొగమంచులో పిట్టను నువ్వెట్లా పోల్చుకుంటావు?"

"ఎగిరే తీరును బట్టి."

"వాడూ అంతే. అది చేసే పనులను బట్టి."

మైము కాఫీ చల్లారిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ తీరాన తాను ఒక్కతే నిలబడి చేసిన పనిని, లోకంలో కోట్ల గడపల దగ్గర, కంటికి కనిపించని వలసల మీద, రెప్పపాటైనా ఆపకుండా ఎవరో చేస్తున్నారు. ఆమె కుర్చీని తెర దగ్గరకు జరుపుకుంది.

అంతలో ఒకచోట ఎర్రగుర్తు పడింది. పోయిన వారం ఈమెయిలులో వచ్చిన ఉత్తరం వెంట దిగిన ఫైలు. 'మీ పిట్ట పోర్చుగల్‌లో దొరికింది, వివరాలకు తెరవండి' అన్న ఉత్తరమది.

"తెరిచావా?" క్యుల్లి తెర మీదికి వంగింది.

"లేదు. 'బంగారు కిరీటం' అనే పిట్ట దొరికిందని రాశాడు. దాన్ని బొటనవేలి బుడతడు అనని పిట్టలవాడు ఈ తీరంలో ఉన్నాడా? పైగా యాభై గ్రాములు తూగిందట! మన బుడతడు తూగేదే అయిదు. పోర్చుగల్‌లో వాడికేం పెట్టి మేపారో!"

ఎండెల్ పగలబడి నవ్వాడు. క్యుల్లి నవ్వలేదు.

"కాపలావాడు ఇవాళ పట్టినదాన్ని నువ్వు పోయిన వారమే పట్టావు. ఇంట్లో వాడుకునే కంప్యూటరుకు మీరిద్దరూ చాలు, అక్కా. కొనక్కర్లేదు, అప్‌డేట్‌ను రేపు రమ్మనకపోతే. కానీ ఏదో ఒకరోజు ఇద్దరూ ఏమరుస్తారు. ఆ రోజుకు ఇంకో ప్రతి ఉండాలి, ఈ దీవికి అవతల."

మైము కొత్త పెన్‌డ్రైవ్ తెచ్చి, ముందు పిట్టలను తూచే త్రాసులో పెట్టింది. తొమ్మిది పాయింట్ రెండు గ్రాములు. ముప్పై ఒక్క ఏళ్ళనూ అందులోకి ఎక్కించి మళ్ళీ పెట్టింది. తొమ్మిది పాయింట్ రెండు గ్రాములు. త్రాసును తుడిచి మళ్ళీ పెట్టింది. అంతే.

"ఇన్ని రెక్కలు దీంట్లో ఎక్కడ సర్దుకున్నాయే?" అంది.

ఎండెల్ దాన్ని రెండు చేతులతో అందుకుని, కోటు లోపలి జేబులో పెట్టుకుని బొత్తాం వేశాడు. ఎన్నడూ లేనిది, ఆ రోజు పడవను నెమ్మదిగా నడిపాడు.