అతకదన్న ఒన్ని

ఒన్ని సారెలా చిన్నప్పుడు మొదట ఏ మాట పలికాడో వాళ్ళమ్మకు తెలియాలి. కాపర్ బ్లఫ్ ఊరికి తెలిసిన మాట మాత్రం ఒక్కటే: "అతకదు." ఏ రెండు వస్తువుల్ని పక్కపక్కన పెట్టి చూపించినా ముందు ఆ మాట అనేవాడు. ఆ తర్వాత చొక్కా జేబులోంచి కాలిపర్ తీసి అంగుళంలో వెయ్యోవంతు దాకా కొలిచేవాడు. కొలిచాక మళ్ళీ ఆ మాటే, ఈసారి అంకెలతో సహా.

గని మూతపడేదాకా ఒన్ని గని వర్క్‌షాపులో ఇనుము తరిమే లేత్ మెషిన్ మీద పనిచేశాడు. మూతపడ్డాక లేత్‌ను ఇంటికి తెచ్చుకుని, కారును ఎండావానలకు వదిలేసి, లేత్ చేత గరాజులో కాపురం పెట్టించాడు. అప్పట్నుంచి అతని లోకమంతా కప్లర్లే.

ఊళ్ళోని రైఫిల్ క్లబ్బులో మ్యాగజైన్ అంటే చదివేది కాదు. తూటాలు నింపి తుపాకీ పొట్టకింద తగిలించే డబ్బీ. పోటీలో మొదటి డబ్బీ ఖాళీ అయ్యాక, నడుముకున్న సంచిలోంచి రెండోది వెతికి తీసి తగిలించేదాకా గడియారం మనకోసం ఆగదు. అందుకని రెండు డబ్బీల్నీ పక్కపక్కన పెట్టి మధ్యలో ఒక పట్టీ బిగిస్తారు. అదే కప్లర్. ఒకటి ఊడదీసి, రెండంగుళాలు పక్కకి జరిపి, రెండోది ఎక్కించడమే.

వినడానికి ఇంతే. కానీ ఒకడి డబ్బీ ఇనుము, ఒకడిది అల్యూమినియం, ఇంకొకడిది ప్లాస్టిక్. చూపులకు కవలల్లా ఉంటాయి. పట్టీ బిగించగానే ఒకటి జారుతుంది, ఒకటి పగులుతుంది, ఒకటి తుపాకీలో ఎక్కనని మొండికేస్తుంది. ఏది దేనికి సరిపోతుందో భూమ్మీద తెలిసిన మనిషి ఒన్ని ఒక్కడే. అతని గరాజు గోడకి నూట నలభై కప్లర్లు మేకులకు వేలాడుతుండేవి. ప్రతిదానికీ ఒక చీటీ. ప్రతి చీటీ మీదా "ఫలానాదానికి అతకదు" అని రాసి ఉండేది.

"దేనికి అతుకుతుందో రాయొచ్చుగదయ్యా" అన్నాడు ఒకసారి క్లబ్బు ప్రెసిడెంటు రోలండ్ బుషే.

"అతికేదాన్ని రాసుకోడం దేనికి? అది ఎలాగూ అతుక్కునే ఉంటుందిగా" అన్నాడు ఒన్ని.

రోలండ్ టోపీ పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

ఈ జబ్బు తుపాకులతో ఆగితే బాగుండేది. శనివారం పోటీలకు గ్లాడిస్ ట్రెవారో పాస్టీలు చేసి తెచ్చేది. పిండిరొట్టెలో గొడ్డుమాంసం, బంగాళాదుంప, ఉల్లిపాయ కూరి, అంచు మెలిపెట్టి కాల్చినవి. అందరూ చేతుల్లోకి తీసుకుని కొరుక్కుంటుంటే ఒన్ని మాత్రం అంచుకు కాలిపర్ పెట్టేవాడు.

"గ్లాడిస్, ఈ చివర ఏడు వెయ్యోవంతులు మందం ఎక్కువుంది."

"తింటావా, దానికి కూడా చీటీ కడతావా?"

"తింటాను. కానీ దీనిమీద ఆ రోలండ్ పోసుకుంటున్న గ్రేవీ ఉంది చూడు, అది మాత్రం అతకదు."

క్లబ్బులోని సిల్వీ, కర్టిస్‌ల నిశ్చితార్థం విందులో అయితే, కేకు కోస్తుండగా లేచి నిలబడి, "ఈ పిల్ల తెల్లారి నాలుగింటికి లేస్తుంది, వీడు పదింటికి లేస్తాడు. ఈ జోడు అతకదు" అని ప్రకటించాడు. పెళ్ళికొడుకు తల్లి కళ్ళు తుడుచుకుంది. పెళ్ళికూతురు కత్తి పట్టుకుని అతనివైపు రెండడుగులు వేసింది. పదకొండేళ్ళయింది. ఏటా క్రిస్మస్‌కి ఆ ఇంటినుంచి ఒన్నికి ఒక కార్డు వస్తుంది. అందులో ఒకటే ముక్క ఉంటుంది: "ఇంకా ఊడలేదు."

ఇవన్నీ చూసి ఊరంతా నవ్వుకునేది. గ్లాడిస్ కూడా నవ్వుకునేది, తన తమ్ముడి సంగతి వచ్చేదాకా.

గ్లాడిస్ క్లబ్బుకి టైమ్‌కీపరు. ఇరవై రెండేళ్ళుగా ఆ గడియారం ఆమె చేతిలోనే ఉంది. ఆమె తమ్ముడు విల్ఫ్ ఒకప్పుడు క్లబ్బులో అందరికన్నా చురుకైన చేయి. రెండేళ్ళ కిందట చలికాలంలో పక్షవాతం వచ్చి తగ్గింది గాని, ఎడమచేతి వేళ్ళు మాత్రం సరిగా మాట వినడం మానేశాయి. గురి చెక్కుచెదరలేదు. డబ్బీ మార్చే దగ్గరే వస్తుంది తంటా. పది గుళ్ళు కాల్చాక ఆ వేళ్ళు నడుం దగ్గర సంచిని తడుముతూ ఉండేవి, అక్క చేతిలో గడియారం పరిగెడుతూ ఉండేది.

వేగం పోటీలో రెండు డబ్బీలూ కాల్చడానికి గడువు ఇరవై అయిదు సెకన్లు. ఒక ఏడాదిలో మూడుసార్లు గడువు దాటితే వేగం పోటీ జాబితాలోంచి పేరు తీసేస్తారు. ఆ తర్వాత బల్ల దగ్గర కూర్చుని, తొందరేం లేకుండా, చూపు తగ్గిన ముసలివాళ్ళతో కలిసి కాల్చుకోవాలి. ఏప్రిల్‌లో విల్ఫ్ ఒకసారి దాటాడు. మేలో రెండోసారి.

"ముప్పై ఒకటి" అంది గ్లాడిస్, గడియారం చూసి. ఆ రోజు ఆమె గొంతు ఆమెకే నచ్చలేదు.

"సరిగ్గా చూశావా అక్కా?"

"చూశాన్రా."

విల్ఫ్ ఖాళీ డబ్బీలు ఏరుకుని వెళ్ళి ట్రక్కులో కూర్చున్నాడు. గని పోయింది, వేళ్ళు పోయాయి, శనివారం ఒక్కటే మిగిలింది వాడికి. జూన్‌లో అదికూడా తన నోటితోనే తీసెయ్యాలేమోనని గ్లాడిస్‌కి ఆ నెలంతా నిద్ర సరిగా పట్టలేదు.

కప్లర్ పెట్టుకోరా అని చెప్పనివాడు లేడు. రోలండ్ చెప్పాడు, సిల్వీ చెప్పింది. గ్లాడిస్ పుట్టినరోజు బహుమానంగా దుకాణంలో ఒకటి కొనిచ్చింది. విల్ఫ్ దాన్ని షెడ్డు తలుపు గాలికి కొట్టుకోకుండా బిగించుకున్నాడు.

"నా మీద జాలిపడే పట్టీలు నాకొద్దు" అన్నాడు.

దీనికి తోడు ఒన్ని ఒకడు. విల్ఫ్ రైఫిల్ పాతకాలపుది, కర్రది. దాని డబ్బీని తిన్నగా తోస్తే ఎక్కదు. ముందు కొస తగిలించి, వెనక్కి ఊపి ఎక్కించాలి. అలా ఊపేటప్పుడు పక్కనున్న రెండో డబ్బీ కర్రకి కొట్టుకుంటుంది. పైగా ఆ డబ్బీల మీద నిలువు గాడులు. దుకాణపు పట్టీలన్నీ జారిపోతాయి. ప్రతి శనివారం ఒన్ని ఆ డబ్బీలు అడిగి తీసుకునేవాడు, కొలిచేవాడు, పదిమందిలో తీర్పు చెప్పేవాడు.

"ఇంత దిక్కుమాలిన డబ్బీ నా సర్వీసులో చూడలేదురా విల్ఫ్. దేవుడు దిగొచ్చి లేత్ దగ్గర నిలబడ్డా దీనికి కప్లర్ చెయ్యలేడు."

"నిన్నెవడు చెయ్యమన్నాడ్రా?"

"చెయ్యమన్నా చెయ్యను. అతకదు."

ఒకరోజు గ్లాడిస్‌కి ఒళ్ళు మండింది. ఒన్నిని స్కోరు బల్ల వెనక్కి లాక్కుపోయింది.

"వాడు అసలే చితికిపోయి ఉన్నాడు. నీ నోరు కాస్త మూసుకుంటే నీ సొమ్మేం పోతుంది?"

"కొలతలు అబద్ధం చెప్పవు గ్లాడిస్."

"నువ్వు మనిషివా, ఆ కాలిపర్‌వా?"

ఒన్ని కాలిపర్‌ని జేబులో దోపుకున్నాడు. "ఆ డబ్బీ ఇంకోసారి ఇస్తాడంటావా? పక్క గాడి కొలత ఒకటి మిగిలిపోయింది" అన్నాడు. గ్లాడిస్ ఆ వారం అతనికి పాస్టీ పెట్టలేదు.

జూన్ పోటీ నాడు నల్ల ఈగలు మనుషుల్ని పీక్కుతింటున్నాయి. గ్లాడిస్ గడియారాన్ని రెండుసార్లు సరిచూసుకుంది, మూడోసారి కూడా చూసుకుంది. అంతలో ఒన్ని ఏదో నూనెగుడ్డలో చుట్టుకొచ్చి, విల్ఫ్ నిలబడ్డచోటే నిలబడి, విల్ఫ్‌ని వదిలేసి రోలండ్‌తో మొదలుపెట్టాడు.

"ప్రెసిడెంటుగారూ, ఆఖరికి తేల్చేశాను. విల్ఫ్ డబ్బీలకి ఏ కప్లరూ అతకదు. ఇది చివరిది. ఇదీ అతకదు. క్లబ్బు పుస్తకంలో రాసెయ్యండి, మళ్ళీ ఎవరూ శ్రమపడకుండా."

"పుస్తకంలోనా?" అన్నాడు విల్ఫ్.

"శాశ్వతంగా ఉంటుంది."

"ఇలా తే."

"వద్దురా, విరగ్గొడతావు."

"తెమ్మన్నానా!"

విల్ఫ్ రెండు ఖాళీ డబ్బీలు తీసి పట్టీలో దూర్చి, మర తిప్పాడు. టక్కుమని బిగుసుకుంది.

ఒన్ని మొహం చిన్నది చేసుకున్నాడు. "బిగుసుకుంటే సరా? ఊపినప్పుడు కర్రకి తగులుతుంది."

విల్ఫ్ బల్ల మీది రైఫిల్ గొట్టాన్ని గుళ్ళు ఆపే మట్టిదిబ్బ వైపే ఉంచి, కొస తగిలించి, ఊపాడు. కర్రకి గోరంత ఎడంలో రెండో డబ్బీ నిలబడింది.

"ఎక్కింది" అన్నాడు.

"ఖాళీ డబ్బీ ఎవరికైనా ఎక్కుతుంది. నిండుది జారిపోతుంది."

"జారకపోతే?"

"జారుతుంది. కొలిచాను."

"నువ్వు కొలిచావు గనకే జారదురా! అక్కా, గడియారం పట్టు. వీడి పుస్తకం సంగతి ఇవాళ చూస్తాను."

విల్ఫ్ డబ్బీలు రెండూ నింపి ఎక్కించాడు. అందరూ చెవులకి చప్పుడు ఆపే మఫులు తగిలించుకున్నారు. గ్లాడిస్ మీట నొక్కింది. పది గుళ్ళు పోయాయి. విల్ఫ్ ఎడమచేయి సంచి జోలికి పోలేదు. మొత్తం అరచేత్తో జంట డబ్బీలను ఊడదీసింది, జరిపింది, ఊపింది. మళ్ళీ పది. గ్లాడిస్ గడియారం వంక చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ చూసింది.

"ఇరవై రెండున్నర."

విల్ఫ్ తుపాకీ ఖాళీ చేసి చూపించి బల్లమీద పెట్టి, గెలిచిన పహిల్వానులా ఒన్ని మీదికి వెళ్ళాడు. "ఏరా, అతకదా?"

"ఇవాళ చెమ్మకి కర్ర కాస్త సర్దుకున్నట్టుంది" అని గొణిగాడు ఒన్ని.

క్లబ్బంతా పగలబడి నవ్వింది. ఇన్నేళ్ళకి ఒన్ని సారెలా కొలత తప్పింది! రోలండ్ ఆ సంగతే పుస్తకంలో ఎక్కించాడు, తేదీతో సహా. గ్లాడిస్ ఆ సంతోషంలో, కోపం పక్కనపెట్టి, ఒక పాస్టీ కాగితంలో చుట్టి ఒన్ని ట్రక్కు దగ్గరికి తీసుకెళ్ళింది. అతను అక్కడ లేడు. వెనకతలుపు తెరిచి ఉంది. పాస్టీ పెట్టడానికి చోటు చేద్దామని ఒక కాఫీ డబ్బాని జరిపితే అది గలగలమంది.

అందులో పదకొండు కప్లర్లు ఉన్నాయి. అన్నీ ఒకటే రకం. అన్నిటికీ చీటీలు. "విల్ఫ్, ఒకటి. గాడిలో జారింది." "విల్ఫ్, నాలుగు. కర్రకి తగిలింది." "విల్ఫ్, తొమ్మిది. సరిపోయింది గాని మర చిన్నది, బొటనవేలు నిలవదు." "విల్ఫ్, పదకొండు. అరచేతికి ఇంకా కొంచెం వెడల్పు కావాలి."

డబ్బీల కొలతల్లో బొటనవేలు ఎందుకొచ్చిందని ఆమె ఆ చీటీని రెండుసార్లు చదివింది. తమ్ముడు తిప్పిన మర గుర్తొచ్చింది. ఏ కప్లర్‌కీ లేనంత పెద్ద రెక్కలున్నాయి దానికి.

వెనకనుంచి దగ్గు వినబడింది. ఒన్ని.

"అది అతుకుతుందని నీకు ముందే తెలుసు" అంది గ్లాడిస్.

ఒన్ని కంగారుగా విల్ఫ్ ఉన్నవైపు చూశాడు. "మెల్లగా గ్లాడిస్. వినబడుతుంది."

తర్వాత ఆమె చేతిలోంచి పాస్టీ తీసుకుని, కొలవకుండా తిన్నాడు.

మరుసటి శనివారం సరస్సు మీంచి చలిగాలి కొట్టింది. విల్ఫ్ ఒన్నిని బల్ల దగ్గర కూర్చోబెట్టి కప్లర్లు ఎలా చెయ్యాలో పాఠం చెబుతున్నాడు. ముప్పై ఏళ్ళు లేత్ తిప్పినవాడికి, లేత్‌ని దూరంనుంచి చూసినవాడు.

"నీ తప్పేమిటో చెప్పనా? నువ్వు డబ్బీనే చూస్తావు. మనిషిని చూడవు."

"కాస్త నెమ్మదిగా చెప్పరా, రాసుకుంటున్నాను" అన్నాడు ఒన్ని, బుద్ధిగా నోటుబుక్కులో పెన్సిలు నడిపిస్తూ.

స్కోరు కాగితాలు తీసుకుని అటుగా వెళ్తున్న గ్లాడిస్ అతని భుజం మీదుగా తొంగిచూసింది. పేజీలో కప్లర్ ఊసే లేదు. "విల్ఫ్ షూటింగ్ కోటు. బొత్తాలు ఐదు. తీసేసి అయస్కాంతాలు? ముందు అతకవని చెప్పాలి" అని ఉంది.

ఆ బొత్తాలు ప్రతి శనివారం పొద్దున్నే, ఎవరూ చూడకుండా, ట్రక్కులో కూర్చుని గ్లాడిసే పెడుతుంది. ఎవరూ చూడలేదనే ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది.

ఆమె కాగితాలు చంకలో పెట్టుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని, చివరి బల్లదాకా వినబడేంత గట్టిగా అంది:

"ఏమిటీ, కోటుకి అయస్కాంతాలా? ఇంకెవరి కోటుకైనా ఏమోగాని ఒన్నీ, మావాడి కోటుకి చచ్చినా అతకవు!"

విల్ఫ్ పాఠం మధ్యలో ఆపేసి గిరుక్కున తిరిగాడు.

"ఎందుకతకవు?" అన్నాడు.