కళ్ళు పెట్టని పడవ

చూపు మందగించి ఖాదర్ బాబాయి బొమ్మల కథ ఆపేశాడని మొన్న మద్దిలపాలెంలో, పాత బొమ్మల పుస్తకాల అభిమానులు కూడినచోట, ఒకాయన మైకు పట్టుకుని మరీ చెప్పాడు. తప్పు. సూదిలో దారం చివరిదాకా ఆయనే ఎక్కించుకునేవాడు. లేచి ఆ మాటంటే "ఆధారం ఉందా మేడమ్" అన్నారు. ఆధారాలు నేనెక్కడ దాచుకుంటాను? ఈ పొద్దున గోపాలపట్నంలో ఎవరో షట్టరుకి ఎనామిల్ రంగు వేస్తుంటే, ఆ ఘాటుకి నా పదకొండో ఏడు మొత్తం లేచి కూర్చుంది.

మాది అప్పట్లో ఉక్కునగరం క్వార్టరు. పిల్లల మాసపత్రికలో 'తెరచాప వీరయ్య' రాసేదీ గీసేదీ ఖాదర్ బాబాయే. పత్రిక వచ్చిన సాయంత్రం ఒక్క పుస్తకం మీద ఏడు తలలు వాల్చి చదివి, ఆనక పిట్టగోడనే పడవ చేసి, తువ్వాలు తెరచాపగా కట్టి, నైట్ షిఫ్టుకు ముందు కునుకు తీస్తున్న నాన్నలు కిటికీలోంచి తిట్టేదాకా ఆడేవాళ్ళం. వీక్లీ ఆఫ్ రోజు నాన్న ప్రాణం తీసి వన్‌టౌన్ వెళ్ళేదాన్ని. ఎండుచేపల వాసన, పోర్టు నుంచి ఎగిరొచ్చి గోడలకంటిన ఎర్రటి ఇనప ఖనిజం దుమ్ము, ముసురులో ఉడికించిన వేరుశనక్కాయల ఆవిరి, వాటి మధ్య ఆయన రేకుల షెడ్డు. బోర్డులు రాసి, పడవలకి రంగులేసి, మిగిలిన పొద్దులో కథ గీసేవాడు.

పక్కనే వల బాగుచేసుకుంటూ ఎల్లాజీ ఉండేవాడు. వీరయ్య మొహం ఆయనదే.

"నా ముక్కు ఇంత వంకరుంటాదేటి బావా?"

"దేవుడు గీసిందే నాను దించుతన్నాను."

పడవకి రంగంతా వేశాక, ఆఖర్న ముందువైపు రెండు కళ్ళు పెట్టేవాడు బాబాయి. కళ్ళు లేని పడవ వెళ్తుంది గానీ, తిరిగొచ్చే దారి చూడలేదని ఎల్లాజీ వాళ్ళ నమ్మకం. కథలో వీరయ్య పడవకీ కళ్ళుండేవి.

నాకు నోరు ఊరుకుంటుందా. "ప్రతి నెలా బతికే వస్తాడు. ఇంక భయమెందుకు బాబాయ్? ఒక్కసారైనా రాకుండా పోవాలి" అని వాదించాను.

ఎల్లాజీ నవ్వాడు. "ఈ పాపకి నామీద ఏటి కోపమో."

బాబాయి నవ్వలేదు. కుంచె కడుగుతూ, "నువ్వన్నదీ నిజమే" అన్నాడు.

రెండు నెలలకి వచ్చిన సంచికలో చివరి బొమ్మ: వీరయ్య సముద్రంలోకి వెళ్తున్నాడు, పడవకి కళ్ళు లేవు. కింద 'ఇంకా ఉంది' కూడా లేదు. వాదనలో గెలిచానని ఆ పుస్తకం పట్టుకుని, నాన్నని లాక్కుని వన్‌టౌన్ వెళ్ళాను. షెడ్డులో సగం అల్లిన వల ఉంది, ఎల్లాజీ లేడు. వేటకెళ్ళి పది రోజులట, ఇంకా తిరిగి రాలేదట. బొమ్మలు అచ్చుకి నెలన్నర ముందే పంపాలి. అంటే ఆయన వెళ్ళేనాటికే ఆ పడవ కాగితం మీద వెళ్ళిపోయింది.

బాబాయి పుస్తకం వైపు చూడలేదు. "ఇంటికి పో పాపా" అన్నాడు. ఎల్లాజీ ఇక రాలేదు, బాబాయి మళ్ళీ కథ గీయలేదు. బోర్డులు మాత్రం తను పోయేదాకా రాశాడు.

ఇప్పుడు షెడ్డు లేదు, చేత్తో రాసే బోర్డులూ లేవు, అంతా ఫ్లెక్సీలే. ఎల్లాజీ ఆ రోజు తీసుకెళ్ళింది కొత్త పడవ. రంగు వేసింది బాబాయే. ఆ పడవకి కళ్ళు పెట్టాడా, లేదా?