చెల్లెలి ‘అంట’ను విన్న డాక్టరమ్మ

డాక్టరమ్మ పోయారని మొన్న తమ్ముడు వచ్చి చెప్పాడు. నేను దేవుడి ముందు దీపం పెట్టి లేస్తున్నాను. “నిద్రలోనే పోయారంటక్కా” అన్నాడు. ఒకప్పుడు ఆవిడ మొహం చూడనన్నవాడు, ఆ మాట చెప్పి గడప మీదే కూర్చుండిపోయాడు. నేను మళ్ళీ పీట మీద కూర్చున్నాను. జపం సాగలేదు. ఓ మామూలు ఉదయం కళ్ళముందుకొచ్చింది.

తుఫాను తర్వాత వచ్చిన మాఘమాసం అది. కోనసీమలో చెల్లెలి ఇల్లు కూలి, నాలుగేళ్ళ పాప నీళ్ళలో పోయాక, చెల్లెల్ని రాజమండ్రిలో మా ఇంటికి తెచ్చుకున్నాం. చెల్లెలి భర్త, మా మరిది, ఊళ్ళోనే ఉండి పడిపోయిన కొబ్బరిచెట్లు తీయిస్తున్నాడు. ఆ పొద్దున నేను పెసరట్లకు రుబ్బుతున్నాను. రేడియోలో వార్తలు వస్తున్నాయి. గేటు దగ్గర పూలావిడ చామంతులు మూర వేస్తోంది. పొయ్యి మీద పాలు పొంగాయి. చెల్లెలు గిన్నెను వట్టి చేతులతో దించింది. తొందరపడలేదు, ఒలికించలేదు. మెల్లగా తెచ్చి నా పక్కన నేల మీద పెట్టింది. చూస్తుండగానే అరచేతుల మీద పొక్కులు లేచాయి.

“చెయ్యి కాలిందే” అన్నాను.

“కాలిందంటక్కా” అంది, పక్కింటి కబురు చెప్పినట్టు.

ఆ మాట అప్పుడు విన్నాను. అంతకుముందూ అంటూనే ఉంది, మా చెవిన పడలేదు. తుఫాను గురించి ఎవరడిగినా “వానొచ్చిందంట, గోడ పడిందంట, నీళ్ళు మెడదాకా వచ్చాయంట” అని చెప్పేది. పరామర్శకు వచ్చినవాళ్ళు ఆ నిబ్బరం చూసి మెచ్చుకునేవారు. ఏడవదు. పెట్టింది తింటుంది. పిలిస్తే ఎంతో దూరం నుంచి వచ్చినట్టు పలుకుతుంది.

“అంట ఏంటే? నువ్వే కదా అక్కడున్నది” అని తమ్ముడు కసిరాడు.

“ఉన్నానంటన్నయ్యా” అంది.

అలా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ మనసుకు వైద్యం చేసే డాక్టరు. మందు అవసరమైతే రాసేవారు కానీ, ఆవిడ వైద్యమంతా వినడంలో ఉండేది. మంగళవారం, శుక్రవారం, చెప్పిన వేళకే కూర్చునేవారు. మనిషి లోపలికి రాగానే లేచి ఫ్యాను కట్టేసేవారు, చిన్న మాట కూడా గాలికి పోకూడదని. రాజమండ్రి ఎండల్లో కూడా అంతే. కొంగుతో మెడ తుడుచుకుంటూ, “ఉన్నానండి, చెప్పండి” అనేవారు. కూతురి వయసున్న మా చెల్లెల్ని కూడా అండీ అనే పిలిచారు. నేను వరండాలో బల్ల మీద కూర్చుని జపం చేసుకునేదాన్ని. లోపల ఏం మాట్లాడారని ఒకసారి అడిగాను. “అది ఆవిడ చెప్పుకోవాలండి. మీరు జపం మానకండి. మీరు బయట ఉన్నారని ఆవిడకి తెలుసు” అన్నారు.

కొన్నాళ్ళకు తమ్ముణ్ణీ నన్నూ కూర్చోబెట్టారు.

“దీన్ని ఇంగ్లీషులో డిసోసియేషన్ అంటారండి. మన భాషలో మీ చెల్లెలే పేరు పెట్టింది, ‘అంట’ అని. ఒక్క మనిషి మోయలేనిదాన్ని ఆవిడ మనసు ఇద్దరికి పంచింది. ఒకావిడకి జరిగింది, ఇంకొకావిడ విన్నది. మీ ఇంట్లో అన్నం తింటున్నది విన్నావిడ. జరిగినావిడ ఇంకా ఆ నీళ్ళలోనే ఉంది.”

“అయితే ఆ అంటని మాన్పించండి” అన్నాడు తమ్ముడు.

“దాన్ని పట్టుకునే మునిగిపోకుండా ఉందండి. మనం లాక్కోకూడదు.”

రిక్షాలో తమ్ముడు సణిగాడు. “వినడానికి డాక్టరెందుకక్కా? మన వీధరుగు మీద కూర్చోబెడితే ఊరంతా వింటుంది.”

డాక్టరమ్మ తన సంగతి కూడా దాచుకునేవారు కాదు. “మీ చెల్లెలు మాట్లాడుతుంటే ఒక్కోసారి నాకు నిద్ర ముంచుకొస్తుందండి” అన్నారు ఒక రోజు. “మొదట సిగ్గుపడ్డాను. తర్వాత తెలిసింది, తను వెళ్ళిపోయేటప్పుడు నన్నూ వెంట తీసుకెళ్తోందని. నేను మెలకువగా ఉంటేనే తను తిరిగి రావడానికి ఒక మనిషంటూ ఉంటుంది.”

ఎండలు ముదిరాక బంధువుల పెళ్ళికని ఆవిడ వారం పాటు కాకినాడ వెళ్ళారు. ముందే చెప్పి వెళ్ళారు. తిరిగొచ్చిన మంగళవారం, తలుపు వేసి ఉన్నా, వరండాలోకి చెల్లెలి గొంతు వినబడింది. “నన్ను వదిలేసి పోయారు.” తుఫాను తర్వాత చెల్లెలు గొంతెత్తడం అదే మొదలు. నా జపమాల ఆగిపోయింది. లోపల డాక్టరమ్మ గొంతు మెల్లగానే ఉంది. “అవునండి, వెళ్ళాను. కోప్పడండి. ఇక్కడే ఉన్నాను.”

ఇంటికి వచ్చి వంటింట్లో అడుగుపెట్టగానే చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది. “పాప చెయ్యి వదిలేశానక్కా. నేనే. నా చేతిలోంచే పోయింది.”

ఆ తర్వాత ఇల్లు ఇల్లుగా లేదు. గోడకేసి తల కొట్టుకునేది. అన్నం ముట్టేది కాదు. వాన చినుకు పడితే మంచం కిందికి దూరేది. ఇరుగుపొరుగు గేటు దగ్గర గుమిగూడేవారు. ఇన్నాళ్ళూ బాగున్న పిల్లని ఆ డాక్టరు పాడుచేసిందని తమ్ముడు రేగిపోయాడు. ఇక ఆవిడ మొహం చూడనన్నాడు. మరిదికి ఫోను చేసి పిలిపించాడు.

మరిది ఆదివారం సాయంత్రం వచ్చాడు. మనిషి సగమయ్యాడు. “రేపు ఊరికి తీసుకుపోతాను వదినగారూ. మా అమ్మ ఎవరో భూతవైద్యుణ్ణి చూసింది. విబూది పెడతాడంట. కొన్నాళ్ళు కదలకుండా కట్టేసి ఉంచాలంట.”

చెల్లెలు వంటింటి గోడకు చేరబడి ఉంది. నేను లోపలికి వెళ్ళి డాక్టరమ్మకు ఫోను చేశాను. ఆటోలో వచ్చారు. కుర్చీ వేస్తే వద్దని చెల్లెలికి ఎదురుగా కింద కూర్చున్నారు. ఆవిడ అడిగే లోపే ఫ్యాను నేనే కట్టేశాను.

“మీకిది జబ్బు ముదిరినట్టు కనబడుతోంది. జరిగినావిడ ఇప్పుడే ఇంట్లోకి వచ్చిందండి” అన్నారు మరిదితో. “రాగానే కట్టేస్తే మళ్ళీ వెళ్ళిపోతుంది. ఈసారి నేను పిలిచినా వస్తుందని చెప్పలేను.”

మరిది తల దించుకునే అడిగాడు. “వదిలేసిందా, జారిపోయిందా? నాకది తెలియాలండి.”

చెల్లెలు కళ్ళెత్తలేదు.

“ఆ రోజు మీరెక్కడున్నారు?” అని అడిగారు డాక్టరమ్మ.

“అమలాపురంలో చిక్కుకుపోయానండి. చెట్లు పడి దారి లేదు. నేనొచ్చేసరికి అంతా అయిపోయింది. పాప నన్నే పిలిచిందంట. పక్కింటివాళ్ళు చెప్పారు.”

“ఊరంతా మీకు చెప్పింది. ఆవిడ ఇంకా చెప్పలేదు. వదిలిందో జారిందో తేల్చడానికి నేను రాలేదండి. ఆ రోజుని ఆవిడ ఒక్కతే మోస్తోంది. మీరు వినగలరా? తీర్పు చెప్పకుండా వినగలరా?”

మరిది, “వినగలనో లేదో తెలీదండి. ఉంటాను” అన్నాడు.

“అంతకంటే నేనూ ఏమీ చేయడం లేదు” అన్నారు డాక్టరమ్మ.

ఆ సాయంత్రం ఇంట్లో అందరం కలిసి ఒక మాట అనుకున్నాం. చెల్లెలు ఊరికి వెళ్ళదు. మరిది తోట పని వాళ్ళ అన్నకు అప్పజెప్పి మా ఇంట్లోనే ఉంటాడు. మంగళవారం డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరూ వెళ్తారు. తీసుకెళ్ళేది తమ్ముడు. ఆ చివరి మాట వాడే అన్నాడు.

డాక్టరమ్మ లేచి గుమ్మం దాటారు. మరిది వెళ్ళి చెల్లెలికి కొంచెం ఎడంగా కూర్చున్నాడు. చెల్లెలు అతని మోకాళ్ళ వైపు చూస్తూ మొదలుపెట్టింది.

“ఆ రోజు పొద్దున పాపకి తలంటు పోశాను. జుట్టింకా ఆరలేదు…”

బయట డాక్టరమ్మ ఒక కాలికి చెప్పు వేసుకున్నారు. రెండోది వేసుకోకుండా, చేత్తో తలుపు పట్టుకుని, అలాగే నిలబడిపోయారు.