జిగురు ఆరేలోగా

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆపరేషన్ థియేటర్లో డాక్టర్ల చేతికి కత్తులూ కత్తెరలూ అందించిన నర్సమ్మ, రిటైరైన మర్నాడే స్కూటర్ షెడ్డు ఖాళీ చేయించి అందులో వడ్రంగి బల్ల వేయించింది. "ఇన్నాళ్ళూ అందించాను. ఇక నా చేత్తో నేనే కోస్తాను" అంది. వీధివీధంతా నవ్వింది. నవ్వనిది ఆమె భర్త, లెక్కల మాస్టారు ఒక్కరే. నవ్వడానికి ఆయనకు మొహం చెల్లలేదు. మంచం కిందా, మెట్ల మీదా, ఫ్రిజ్ నెత్తినా పేరుకుపోయిన పుస్తకాలన్నీ ఆయనవే మరి.

పక్కవీధి ముసలి వడ్రంగిని బాబాయ్ అని పిలుస్తూ ఆయన దగ్గర పని నేర్చుకుంది. ఆమె చేసిన మొదటి పీట మీద కూర్చుంటే పడవెక్కినట్టుండేది. రెండోది కొంత నయం. మూడోది అచ్చంగా పీటే. ఇక ఆగుతుందా? టేకు పలకలు తెప్పించి, మాస్టారికి పుస్తకాల బీరువా మొదలుపెట్టేసింది. అడుగు అర పెద్దది, నిఘంటువులకి. పైవన్నీ చిన్నవి. అరలు దూరడానికి రెండు నిలువు పలకల్లోనూ గాడులు తీసింది. ఉలి కింద చెక్క సన్నగా చుట్టలు చుట్టుకుని లేస్తుంటే ఆమెకు అన్నం వేళ కూడా గుర్తొచ్చేది కాదు.

అన్నీ సిద్ధమైన రోజున బాబాయ్ ఊళ్ళో లేడు. "నేనొచ్చాకే జిగురు పెట్టమ్మాయ్" అని మరీమరీ చెప్పి వెళ్ళాడు. నర్సమ్మ పొద్దున తొమ్మిదింటిదాకా ఓపిక పట్టింది. తొమ్మిదింటికి జిగురు డబ్బా మూత తీసింది.

"ఏమండీ, ఇలా రండి!"

"నాకు మేకు కొట్టడం కూడా రాదుగా."

"మేకుల్లేవు. పట్టుకోమంటే పట్టుకోండి, వదలమంటే వదలండి. పది నిమిషాల్లో జిగురు బిగుసుకుపోతుంది. ఫోన్ మోగినా కదలకూడదు."

ఒక పలకను నేలమీద పరిచి, గాడుల్లో జిగురు పూసి, అయిదు అరలనూ నిలబెట్టింది. రెండో పలకను ఇద్దరూ ఎత్తి పైన పెట్టారు. రెండు చివర్ల అరలూ గాడుల్లోకి కొంచెం దిగాయి. మధ్య మూడూ మాత్రం మొండికేశాయి. నర్సమ్మ సుత్తితో ఒకటిచ్చింది. కదల్లేదు. ఇంకోటి ఇవ్వబోతుంటే మాస్టారు వంగి చూసి, "పెద్ద అర ఖాళీ కింద పలకలో నా వైపుంది. పై పలకలో నీ వైపుందేం?" అన్నారు.

పలక తలకిందులైంది! అప్పటికే నాలుగు నిమిషాలయ్యాయి.

"అయితే ఇంతే సంగతులా?" అన్నారు మాస్టారు.

"ఏం కాదు." ఆమె గొంతు ఉన్నట్టుండి థియేటర్ గొంతైంది. "కొయ్య సుత్తి. తడిగుడ్డ. ఆ చివర ఎత్తండి, కిందనుంచి నేను కొడతాను."

కిర్రుమంటూ పలక ఊడొచ్చింది. గిర్రున తిప్పారు. సుత్తనేసరికి సుత్తి, గుడ్డనేసరికి గుడ్డ, ఆమె చెయ్యి చాచేలోపే మాస్టారు అందించేస్తున్నారు. టప్, టప్, టప్! మూడు అరలూ ఒకదాని వెనక ఒకటి గాడిలోకి దిగిపోయాయి. అతుకుల్ని నొక్కిపట్టే క్లాంపులు రెండే ఉన్నాయి. "పాత సైకిల్ ట్యూబులు!" అని ఆమె అరిచింది. మాస్టారు పంచె ఎగ్గట్టుకుని పరిగెత్తారు. ట్యూబులు చుట్టి లాగి కట్టాక, టేపు ఆయనే అందుకున్నారు.

"మూల నుంచి మూలకు కొలుద్దాం. రెండూ సమానమైతే వంకర లేనట్టే. ఇది మాత్రం నా సబ్జెక్టు."

కొలిచారు. ఇటూ అంతే, అటూ అంతే! నర్సమ్మ పెట్టిన కేకకు పక్కింటావిడ గోడమీంచి తొంగి చూసింది.

"ఏమైంది వదినా?"

"కుదిరింది! వెంట్రుకవాసి తేడా లేకుండా కుదిరింది!"

రెండురోజుల తర్వాత బాబాయ్ వచ్చాడు. "ఆగలేకపోయావన్నమాట" అని విసుక్కుంటూనే ప్రతి అతుకూ బొటనవేలితో తడిమాడు. మూలమట్టం పెట్టి చూశాడు. నర్సమ్మ ఆయన వెనకే తిరిగింది.

"ఇక్కడ జిగురు మరకుంది."

"గీకేస్తాను బాబాయ్."

"బడికి ఎనిమిది కిటికీ రెక్కలు ఒప్పుకున్నాను. ఒక్కణ్ణీ చెయ్యలేను. వస్తావా?"

"నేర్చుకోడానికా?"

"నేర్పేదేముంది ఇంకా? పనికే. సోమవారం నుంచి."

"సోమవారం దాకా ఎందుకు? రేపే వస్తాను!"

ఇంతలో గుమ్మంలో అలికిడైంది. గడ్డం దాకా పుస్తకాలు పేర్చుకుని, దారి కనపడక తడుముకుంటూ మాస్టారు వస్తున్నారు.

"పాలిష్ వెయ్యలేదండీ ఇంకా!" అని నర్సమ్మ బీరువాకు అడ్డంగా చేతులు చాచి నిలబడింది.

"ఒక్క నిఘంటువు పెట్టనీ. ఎలా ఉంటుందో చూసి తీసేస్తాను."

ఆమె ఒక్క క్షణం ఆలోచించి, నవ్వుతూ పక్కకు తప్పుకుంది.