భివండి వాన

నిన్న సిద్దిపేట థియేటర్లో చూసిన సినిమాలో ఒక పిల్ల ఫోన్ పట్టుకుని కూర్చుంటుంది. కెమెరా దూరంగా జరిగి గది మూలన ఆగిపోతుంది. పాట లేదు, ఫోన్లోంచి వచ్చే హోరు తప్ప.

నాకు బాపు గుర్తొచ్చాడు. నా చిన్నప్పుడు ఆయన ముంబై దగ్గరి భివండిలో మరమగ్గాలు నడిపేవాడు. మా పక్కింటి ఫోన్‌కు చేసినప్పుడల్లా వెనక అదే హోరు. మా ఇంట్లో అవ్వ నేసే మగ్గం టక్కు టక్కుమని నిదానంగా మోగేది. అందుకే అది మగ్గాల చప్పుడని నాకు తట్టలేదు.

"బాపూ, గాడ వాన పడ్తుందా?" అని అడిగాను.

"ఆఁ, బిడ్డా."

"ఎప్పుడొస్తవ్?"

"ఆఁ, బిడ్డా."

వాన వెలిశాక వస్తాడనుకున్నాను.

సినిమాలో అవతలి మనిషిని చూపించలేదు. ఆ మగ్గాల మోతలో బాపుకు నా మాట ఒక్కటీ వినబడి ఉండదు. అయినా ఎప్పుడూ ఆయన ముందుగా ఫోన్ పెట్టలేదు.