కొంగ కాలికి ఎర్రదారం

నాకు మొదట్నుంచీ అనుమానం జాస్తి. పాలల్లో వేలు ముంచి చూడందే చెంబు పట్టేవాణ్ణి కాదు. డెబ్భైల మొదట్లో రేపల్లె పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసేవాణ్ణి. గాలివాన వెలిసిన మర్నాడు రైసుమిల్లు కూలీ ఒకతను రెక్క విరిగిన తెల్లకొంగను తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. మా డాక్టరుగారికి గేదెల రోగాలు కొట్టిన పిండి. కొంగ రెక్క కట్టడం మాత్రం తెలీదు.

"బాపట్లలో ఒక ముసలాయన పక్షులకు కట్లు కడతాడయ్యా. ఒకప్పుడు వేటగాడే, ఇప్పుడు మానేశాడు. దీన్ని తీసుకెళ్ళి, నెల్లాళ్ళుండి పని నేర్చుకునిరా" అన్నారు.

వేటగాడు మానేశాడంటే నేను నమ్మాలా? బండి మారడానికి తెనాలిలో దిగినప్పుడు కొంగ కాలికి ఎర్రదారం కట్టాను. కొంగను మారిస్తే తెలియాలి కదా.

ముసలాయన ఇల్లు చూడగానే నా అనుమానానికి బలం చిక్కింది. చూరు కింద వలలు, ఉచ్చులు. గోడకు సూదీ దారం. వేటగాళ్ళు ఒక కొంగ కళ్ళు కుట్టి పొలంలో ఎరగా నిలబెడతారు. దాన్ని చూసి మిగతావి దిగుతాయి. నా కొంగకూ అదే గతి పడుతుందేమోనని భయం వేసింది.

"దారం ఆసుపత్రి గుర్తాండి?" అని అడిగాడు. అవునన్నాను.

పని మాత్రం ఆయనకు బాగా తెలుసు. ముందు ముక్కు పట్టుకోమన్నాడు, కొంగ కంటినే పొడుస్తుందట. తలకు గుడ్డసంచి తొడిగితే నిమిషంలో నిమ్మళించింది. రెక్క మడిచి ఒంటికి ఆనించి పాతచీర పీలికతో చుట్టాడు. తర్వాత నన్ను చుట్టమని, చూసి విప్పించాడు.

"గేదె కాలనుకున్నారా బాబుగారూ? దానికి ఊపిరాడొద్దూ?"

అంతా అయ్యాక కొంగను తడికల కొట్లో పెట్టి తలుపు మూశాడు.

"ఇక దీన్ని చూడకూడదండి. చేపలు కింద సందులోంచి తోస్తా. మనిషి మొహం దానికి అలవాటు కాకూడదు. అదే అసలు పాఠం."

నాకు చూపించకుండా దాచడం కూడా పాఠమేనట! రోజూ పొద్దున్నే ఆయన కాలువకు చేపలకు వెళ్ళగానే నేను కొట్లో దూరేవాణ్ణి. దారం ఉందా, కళ్ళు కుట్టాడా, చిక్కిపోయిందా అని చూసేవాణ్ణి. సరిగా పెడుతున్నాడో లేదోనని నేనే చిన్నచేపలు అరచేతిలో పెట్టి తినిపించేవాణ్ణి. మొదట్లో పొడిచేది. పది రోజులకు నా అడుగుల చప్పుడు వినగానే తలుపు దగ్గరకొచ్చేది. ఎంత మురిసిపోయానో!

నాలుగో వారం పొలాల్లో వదిలాం. చక్కగా ఎగిరింది. ముసలాయన కళ్ళు తుడుచుకుంటుంటే, అదీ నటనేమోననుకున్నాను.

మూడు రోజుల తర్వాత బజార్లో ఒకడు కాళ్ళు కట్టిన చచ్చిన కొంగల్ని కర్రకు వేలాడదీసుకుని అమ్ముతున్నాడు. ఒకదాని కాలికి ఎర్రదారం. నా ఒళ్ళు మండిపోయింది. ముసలాడు అమ్మేశాడన్నమాట!

"ఈ కొంగను నీకు ఎవరమ్మారు?" అని వాడి చెయ్యి పట్టుకున్నాను.

"ఎవరూ అమ్మలేదండి. కాలువ గట్టున కూర్చుని చేపలు కడుగుతున్నా. తనే నడుచుకుంటూ వచ్చిందండి. చెయ్యి చాపితే, అరచేతిలో ముక్కు పెట్టింది."

వాడి చెయ్యి వదిలేశాను.

సాయంత్రం పాఠానికి వెళితే ముసలాయన కొత్తగా వచ్చిన గద్దకు కట్టు కడుతున్నాడు. "మన కొంగ ఎక్కడైనా కనబడిందా బాబుగారూ?" అని అడిగాడు.

లేదన్నాను.

"అయితే బాగా దూరం పోయుంటుందండి" అని సంబరపడ్డాడు. నా మాట ఆయన వెంటనే నమ్మేశాడు.