వంతెన అవతలి బ్యాంకు

మా పిన్ని బ్యాంకులో విదేశాలకు డబ్బు పంపే కౌంటర్లో కూర్చుంటుంది. ఫారంలో స్విఫ్ట్ కోడ్ కంటపడగానే ఆమె ముఖం విప్పారుతుంది. మొదటి నాలుగు అక్షరాలు బ్యాంకువి, తరువాతి రెండు దేశానివి, ఆపై రెండు ఊరివి. అది చూసి, "మీ వాళ్లు ఫలానా ఊళ్లో ఉంటారన్నమాట" అంటుంది. అక్కడ చలి ఎక్కువా, సముద్రం దగ్గరా అని ఆరా తీస్తుంది. వెనక నిలబడ్డవాళ్లు విసుక్కుంటారు. కూరగాయలకు పక్క వీధికి పొమ్మంటే బద్ధకిస్తుంది గానీ కుర్చీలోంచి లేవకుండా లోకమంతా తిరిగొస్తుందని బాబాయి ఆటపట్టిస్తుంటాడు.

ఒక మధ్యాహ్నం గడియారాలు బాగుచేసే పెద్దాయన వచ్చాడు. తనకు పని నేర్పిన గురువుగారు ఇచ్చిపోయిన గోడ గడియారం ఆగిపోయి చాలా కాలమైంది. అందులో అరిగిపోయిన పళ్లచక్రాన్ని ఇప్పుడెవరూ తయారుచేయడం లేదు. వెతగ్గా వెతగ్గా ఎక్కడో విదేశంలో ఒక పాత సామాన్ల వ్యాపారి దగ్గర ఒక్కటి కనబడింది. సాయంత్రంలోగా డబ్బు పంపకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడట.

పిన్ని కోడ్ చూసి ఆగిపోయింది. వ్యాపారి చిరునామా ఒక దేశంలో ఉంది, బ్యాంకు పక్క దేశంలో ఉంది.

"మేస్త్రిగారూ, మనిషి ఒకచోట, బ్యాంకు ఇంకోచోట. నాకెందుకో మనసొప్పడం లేదు. వెళ్లిపోయాక ఈ డబ్బు వెనక్కి రాదు."

"ఆ చక్రం చెయ్యిజారినా అంతేనమ్మా" అన్నాడాయన.

పిన్ని కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. చివరికి తన అలవాటు కొద్దీ ఆ వ్యాపారిని ఒక ప్రశ్న అడిగించింది: ఆ బ్యాంకుకు ఎలా వెళ్తారు? పెద్దాయన వచ్చీరాని ఇంగ్లీషులో ఫోన్లో రాసి పంపాడు. జవాబుగా కిటికీలోంచి తీసిన ఫొటో వచ్చింది. కింద సన్నటి నది, దాని మీద వంతెన, అవతలి ఒడ్డున బ్యాంకు బోర్డు. పిన్ని కళ్లజోడు సర్దుకుని ఫొటోను పెద్దది చేసి చూసింది. బోర్డు మీద ఫారంలోని బ్యాంకు పేరే ఉంది. మ్యాపు తెరిచి చూస్తే ఆ నదే సరిహద్దు. వ్యాపారి ఊళ్లో బ్యాంకు మూతపడ్డాక అందరూ అవతలి దేశానికే వెళ్తున్నారట.

"ఇన్నేళ్లూ డబ్బు దిగే ఊరు చూసి మనిషి ఊరు చెప్పేశానా" అని నవ్వుకుంటూ పిన్ని డబ్బు పంపేసింది.

కొన్ని వారాలకు పెద్దాయన మళ్లీ వచ్చాడు.

"గడియారం నడుస్తోందమ్మా."

"సంతోషం. ఇంతకీ ఆయన వంతెన మీద నడిచే వెళ్తాడా, సైకిలు మీదా?"

"నువ్వడుగుతావని ముందే కనుక్కున్నాను. నడిచేనట. మధ్యలో కూర్చోడానికి ఒక బెంచీ కూడా ఉందట."

"ఏ దేశంవైపు?" అంది పిన్ని.

పెద్దాయన ఫోను బయటికి తీశాడు.